బొంత నాలుగో అంచు

మా అపార్ట్‌మెంటులో ఆడవాళ్ళం కొందరం శనివారం మధ్యాహ్నాలు ఒకరి ఫ్లాట్‌లో చేరి బొంతలు కుడుతుంటాం. బొంతలంటే మిగతావాళ్ళకు కోపం. క్విల్టులనాలి. నేనూ బయట క్విల్టులనే అంటాను, విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర కాపురం ఉంటూ బొంతలు కుడుతున్నానంటే ఏం బాగుంటుంది. కొత్త గుడ్డ కొనుక్కొచ్చి, దాన్ని ముక్కలు ముక్కలుగా కోసి, ఆ ముక్కల్ని ఒకదానికొకటి అతికి మళ్ళీ గుడ్డ చెయ్యడం ఈ విద్యలో మొదటి భాగం. మా ఆయనకు ఇది ఇప్పటికీ మింగుడు పడలేదు. "గుడ్డ బాగానే ఉందిగా, ఎందుకు కోశావు?" అంటారు.

అతకడం వరకు అందరికీ సరదాయే. పై పొర, మధ్యలో దూది పొర, అడుగు పొర మూడూ కలిపి కుట్టి, చుట్టూ అంచు మడిచి ముగించేటప్పటికి ఆ సరదా కాస్తా తీరిపోతుంది. మా జట్టులో ప్రతివాళ్ళ బీరువాలోనూ ముగింపుకు నోచుకోని పై పొరలు మడతలు పెట్టి ఉన్నాయి. నేలమీద పరిచి కుట్టాలంటే మోకాళ్ళు ఒప్పుకోవు, భోజనాల బల్ల మీద పరిచి కుట్టాలంటే మొగుళ్ళు ఒప్పుకోరు. నేను మాత్రం మొదలుపెట్టినవాటిని ఎలాగోలా తంటాలుపడి ముగిస్తాను. అందుకని జట్టులో నాకు కాస్త గౌరవం.

ఆ గౌరవం మొన్న కొంచెం పోయింది. పూర్తయిన క్విల్టును పరిచి, ఈ చివర నుంచి ఆ చివరకు అరచేత్తో నిమరడం నాకు అలవాటు. తర్వాత తిరగేసి మళ్ళీ నిమురుతాను. ఆ తర్వాత అక్కడక్కడా చెంప ఆనించి చూస్తాను. కింది ఫ్లాట్‌లోకి కొత్తగా వచ్చిన అమ్మాయి ఇది చూసి, "ఏంటాంటీ, దాన్ని నిద్రపుచ్చుతున్నారా?" అంది. లోపల సూది ఉందేమో చూస్తున్నానమ్మా అన్నాను. "సూది మీ చేతిలోనే ఉంది కదండీ" అంది. చూసుకుంటే నిజంగానే ఉంది. అందరూ నవ్వారు. నవ్వనీ. వాళ్ళెవరూ మా అమ్మమ్మను చూడలేదు.

మా అమ్మమ్మగారిది కూచిపూడి దాటాక వచ్చే మగ్గాల ఊరు. బస్సు దిగి వీధిలోకి తిరిగితే ముందు గంజి వాసన తగిలేది, తర్వాత రంగుల వాసన, ఆ తర్వాత ఇంటింటి నుంచీ మగ్గాల చప్పుడు. తాతయ్యకు మగ్గం లేదు. ఊళ్ళో నేసిన చీరలు తీసుకుని, మూటకట్టి, బస్సు మీద విజయవాడ వన్ టౌన్‌లో ఒక దుకాణానికి వేసి వచ్చేవాడు. మనిషి వెన్న. మతిమరుపు మాత్రం మహా ఘనం. ఒకసారి బస్సెక్కి, కిటికీ పక్క సీటు సంపాదించి, పక్కవాళ్ళకు ఊరి విశేషాలన్నీ చెప్పి, వన్ టౌన్‌లో దిగాక చూసుకుంటే మూట లేదు. అది మా అరుగు మీదే ఉంది. "ఆయనకు బుర్ర లేకపోవడమేం, ఉంది. ఎక్కడ పెట్టారో గుర్తులేదంతే" అనేది అమ్మమ్మ.

ఆ వేసవిలో మా పిన్ని తొలిచూలు పురిటికి పుట్టింటికి వచ్చింది. సెలవులని అమ్మ నన్నూ అక్కడే దింపి వెళ్ళింది. పిన్ని వచ్చిన మర్నాడే అమ్మమ్మ ట్రంకు పెట్టెలోంచి పాత చీరలు తీసి బొంత మొదలుపెట్టింది. పసిబిడ్డ ఒంటికి ముందుగా కొత్త గుడ్డ తగలకూడదని ఆమె పట్టుదల. ఎన్నో చాకిరేవులు చూసి, గంజి వదిలి, పీచు మెత్తబడి, చేత్తో పట్టుకుంటే జారిపోయే చీరలే కావాలి. అడుగున తన నేత చీర, పైన పిన్ని ఓణీ, మధ్యలో తాతయ్య పాత పంచెలు.

"తాతయ్య పంచెలు మధ్యలో ఎందుకమ్మమ్మా?" అని అడిగాను.

"మగవాళ్ళు మధ్యలో ఉంటేనే కదలకుండా పడుంటారే" అంది.

వసారాలో చాప పరిచి, దానిమీద ఈ గుడ్డలన్నీ ముడత లేకుండా పరిచి, మూలలకు బరువులు పెట్టేవాళ్ళం. ఒక మూల తిరగలి రాయి, ఒక మూల నీళ్ళ బిందె, ఒక మూల పొత్రం. నాలుగో మూల నేను. కదిలితే వీపు పగిలేది. ఆవకాయల రోజులు కదా, నా చేతులకు ఎప్పుడూ ఎర్రటి నూనె. ఆ చేతులు బొంతకు అంటుతాయని అమ్మమ్మ తనే అన్నం కలిపి, కుట్టు ఆపి వచ్చి, నా నోట్లో ముద్దలు పెట్టి పోయేది. కొత్తావకాయ, వెన్నపూస, వేడన్నం. కదలకుండా కూర్చుని తినడం తప్ప వేరే పని లేని ఉద్యోగం మళ్ళీ నాకు జీవితంలో దొరకలేదు.

కుట్టుకు దారం మగ్గాల దగ్గర మిగిలిన నూలే. బియ్యపు గింజంత కుట్టు, మళ్ళీ బియ్యపు గింజంత ఎడం. ఎదురింటి మామ్మగారు కూడా మంచి బొంతలు కుట్టేది, కానీ ఆమె కుట్టు కందిగింజంత ఉంటుందని అమ్మమ్మ నాతో చాటుగా చెప్పింది. చాటుగా అన్న మాటేగాని, ఎదురింటికి వినపడేట్టే చెప్పింది.

మా ఇంట్లో బొంతకు ఒక కట్టుబాటు ఉండేది. బిడ్డ భూమ్మీద పడకముందే పక్క సిద్ధం చేసి పెట్టుకోకూడదు. అందుకని మూడు అంచులూ కుట్టి, నాలుగోది తెరిచి ఉంచేది. పిన్ని రోజూ సాయంత్రం వచ్చి, రెండు చేతులూ నడుంమీద పెట్టుకుని చూసి, "ఎంతవరకొచ్చిందమ్మా?" అనేది.

"నాదేముంది, నీది రాగానే నాది అయిపోద్ది" అనేది అమ్మమ్మ.

పిన్నికి మగపిల్లవాడు పుట్టాడు. ఆసుపత్రి నుంచి తల్లీబిడ్డా ఇంటికి వచ్చే రోజు పొద్దున్నే అమ్మమ్మ తలస్నానం చేసి, వసారాలో బొంత పరుచుకుని నాలుగో అంచుకు కూర్చుంది. మనవడు గుమ్మం దాటేసరికి పక్క సిద్ధంగా ఉండాలని ఆమె ఆరాటం. లోపల పొయ్యిమీద కాయం ఉడుకుతోంది. శొంఠి, పిప్పళ్ళు, వాము, బెల్లం వేసి బాలింతకు చేసే లేహ్యం అది. బాలింతకని పేరేగాని, ఆ వాసనకు వీధిలో పిల్లలందరం బాలింతలమైపోయేవాళ్ళం. సగం అంచు అయ్యేసరికి పాకం అడుగంటే వాసన వచ్చింది. అమ్మమ్మ సూదిని బొంతకే గుచ్చి వంటింట్లోకి పరిగెత్తింది. అటు తాతయ్య బస్సు వేళయిందని మూట కట్టుకునే హడావిడిలో వసారాలో అటూ ఇటూ తిరుగుతున్నాడు. కాసేపటికి బస్సు హారన్ కొట్టడం, తాతయ్య చెప్పులు టపటపలాడించుకుంటూ పోవడం వినపడింది.

అమ్మమ్మ తిరిగి వచ్చి కూర్చుంది. అంచు దగ్గర దారం కొస వేలాడుతోంది. సూది లేదు.

మొదటి అనుమానం నామీదికే రావలసింది. కానీ ఆమె వంటింట్లోకి వచ్చేసరికి నేను మొదటి వాయి కాయం ఆరబెట్టిన పళ్ళెంలో చెయ్యిపెట్టి ఆమెకే దొరికిపోయాను. దొంగతనం నన్ను కాపాడింది అప్పుడొక్కసారే. అమ్మమ్మ చాప దులిపింది, చీర దులుపుకుంది, కొప్పు విప్పి చూసుకుంది. వసారా ఊడ్చి, చెత్తను చేటలో పోసి చెరిగింది. సూది లేదు. చివరికి తెరిచి ఉన్న అంచు వైపు చూసింది. గుచ్చిన సూది జారి పొరల మధ్యకు పోయిందని తేలిపోయింది. ఇంతలో వీధిలో బండి ఆగింది, పిన్ని బిడ్డనెత్తుకుని దిగింది. దిష్టి తీశారు. బిడ్డను పడుకోబెట్టబోతుంటే అమ్మమ్మ చటుక్కున అందుకుని తన ఒళ్ళో పెట్టుకుంది.

సాయంత్రం తాతయ్య వచ్చి సంగతి విన్నాడు. విని, చొక్కా విప్పి కొక్కేనికి తగిలించి, పెద్ద పోలీసు దరోగాలాగా వసారా మధ్యలో నిలబడ్డాడు.

"చివరిసారి సూదిని చూసిందెవరు?"

"నేనే" అంది అమ్మమ్మ.

"తర్వాత ఇక్కడికి ఎవరెవరు వచ్చారు?"

"ఎవరొస్తారండీ, మనమే."

"మరి సూదికి కాళ్ళున్నాయా? తనంతట తను నడిచిపోదు కదా. ఇందులోనే ఉంది. నేను పట్టుకుంటా చూడు."

మర్నాడు ఊళ్ళో రేడియోలు బాగుచేసే అతని దగ్గర్నుంచి పాత స్పీకరు అయస్కాంతం ఒకటి మోసుకొచ్చాడు. దాన్ని బొంత మీద ఇస్త్రీపెట్టెలాగా అటూ ఇటూ తిప్పాడు. బొంతలోంచి ఏమీ రాలేదుగాని, పక్కన పెడదామని లేచేసరికి అది పోయి మా ఇనప్పెట్టెకు అతుక్కుంది. ఊడబెరకడానికి ఎదురింటి మామ్మగారి కొడుకు కూడా రావలసివచ్చింది. ఆ పెట్టెను తెరిచేటప్పుడల్లా ఆ గీతలు చూసి అమ్మమ్మ పళ్ళు కొరికేది.

అయస్కాంతం ఓడిపోయాక తాతయ్య పంచె ఎగగట్టి, ఒట్టి వీపుతో బొంత మీద పడుకుని, గుడి చుట్టూ పొర్లుదండాలు పెట్టినట్టు ఈ అంచు నుంచి ఆ అంచుకు పొర్లాడు. వెనక్కి మళ్ళీ పొర్లాడు. పిన్ని నవ్వలేక పొట్ట పట్టుకుని గదిలోకి పోయింది.

"లేదే. ఉంటే నాకు గుచ్చుకోకుండా ఉంటుందా?" అన్నాడు లేచి కూర్చుని.

"మీ తోలుకీ వాడి ఒంటికీ పోలికేంటండీ" అంది అమ్మమ్మ.

ఎదురింటి మామ్మగారు వచ్చి చూసి, "విప్పి చూడడం తప్ప ఇంకో మందు లేదు అక్కయ్యా" అంది. ఆ మాట ఎవరైనా అంటే బాగుండునని అమ్మమ్మ ఎదురుచూస్తున్నట్టుంది. మధ్యాహ్నం కూర్చుని, ఆ వేసవంతా కుట్టిన కుట్టు విప్పేసింది. ఒక్కో దారం లాగుతుంటే నాకు ఏడుపొచ్చింది. పొరలు విడదీసి, ఒక్కోదాన్ని ఎండకు ఎత్తిపట్టి చూసింది. దులిపింది, ఉతికింది, ఆరేసింది. తాతయ్య పంచెల్లో ఎప్పటివో ముక్కుపొడి మరకలు కనిపించాయి. సూది కనిపించలేదు.

లేదని తేలితే ఆమెకు ఊరట కలుగుతుందని అందరం అనుకున్నాం. అదేం కాలేదు. "కనపడితే తీసి అవతల పడేద్దును. కనపడకపోతే ఎక్కడుందనుకోను?" అంది. మళ్ళీ పొరలు పరిచి, రాత్రీ పగలూ ఒకటి చేసి, మామ్మగారి సాయం కూడా తీసుకుని కుట్టింది. ఆ కందిగింజల కుట్టు గురించి ఒక్క మాటా అనలేదు. మూడు అంచులూ అయ్యాయి. నాలుగో అంచు దగ్గర ఆమె చెయ్యి ఆగిపోయింది. బొంతను అలాగే మడిచి ట్రంకు పెట్టె మీద పెట్టేసింది.

ఆ రోజు నుంచి పిల్లవాడు ఆమె ఒళ్ళోంచి దిగలేదు. పాలకు తల్లి దగ్గరకు, స్నానానికి కాళ్ళమీదకు, మిగతా వేళంతా అమ్మమ్మ ఒళ్ళోకు. "కిందపెడితే ఏడుస్తున్నాడే" అనేది.

"వాడు నిద్రపోతున్నాడమ్మా" అనేది పిన్ని.

"పెడితే ఏడుస్తాడు" అనేది.

వాడు కిక్కురుమంటే చాలు, చొక్కా విప్పి, వెనక్కి తిప్పి, దీపం దగ్గర పెట్టుకుని ఒళ్ళంతా వెతికేది. ఒకరోజు తొడమీద చీమ కుట్టిన దద్దురు కనిపించింది. ఇల్లంతా గగ్గోలైపోయింది. ఊళ్ళో వైద్యం చేసే ఆచారి గారొచ్చి ఇది చీమ కాటేనని మూడుసార్లు చెప్పాక గాని ఆమె వాణ్ణి దీపం దగ్గర్నుంచి తియ్యలేదు. అమ్మమ్మ అలా భయపడడం నేను అంతకుముందు చూడలేదు. దున్నపోతు ఎదురొచ్చినా పక్కకు తప్పుకోని మనిషి. నాకు ఆమెను చూస్తే జాలేసేది, కొంచెం కోపం కూడా వచ్చేది, నాకు ముద్దలు పెట్టడం ఆగిపోయిందిగా.

ఈ పరిస్థితిలో పిన్ని అత్తగారు విజయవాడ నుంచి దిగింది, బారసాల దాకా ఉండే లెక్కన. ఆవిడ మంచిదే. కాకపోతే ప్రతి మాటకూ ముందు 'ఏమనుకోకండి' అని, తర్వాత మనం ఏమైనా అనుకోవలసిన మాటే అనేది. తనతో మనవడికి ఎర్ర వెల్వెట్ పరుపు తెచ్చింది, దానిమీద గొడుగులాంటి దోమతెర.

"ఏమనుకోకండి వదినగారూ, మా ఇళ్ళల్లో పిల్లల్ని పాతగుడ్డల మీద పడుకోబెట్టే అలవాటు లేదండీ."

పిన్నీ నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. అమ్మమ్మ దగ్గర ఇలాంటి మాటలకు జవాబులు డబ్బాలకెత్తి ఉండేవి. ఆ రోజు ఆమె, "అలాగే వదినగారూ" అంది. అమ్మమ్మ నోట ఆ మాట మేమెవరం అంతకుముందు వినలేదు. తాతయ్య కూడా పేపరు దించి చూశాడు.

మండే ఎండల్లో వెల్వెట్ పరుపు. వాణ్ణి దానిమీద వెయ్యగానే ఒళ్ళంతా చెమటకాయలు పేలాయి. అరుపులు వీధి చివరికి వినపడేవి. మళ్ళీ అమ్మమ్మ ఒళ్ళోకే. ఆమె నడుం వంగిపోయింది, కళ్ళకింద నల్లబడింది. గోడకు జేరగిలబడి, ఒళ్ళో బిడ్డతో, కునికిపాట్లు పడేది. "ఆ బొంతేదో వెయ్యమ్మా, చల్లగా ఉంటుంది" అని పిన్ని బతిమాలింది. బొంత ఇంకా కాలేదుగా అనేది అమ్మమ్మ, అంచు వైపు చూడకుండా.

బారసాల దగ్గర పడ్డాక ఉయ్యాలకు రిబ్బన్లు, తాళ్ళు కొనాలని తాతయ్య నన్ను వెంటబెట్టుకుని విజయవాడ వెళ్ళాడు. వన్ టౌన్‌లో తోపుడుబళ్ళ మధ్య నుంచి, మూటలు మోసేవాళ్ళ అరుపుల మధ్య నుంచి, నా చెయ్యి పట్టుకుని లాక్కుపోయాడు. పని ఎలాగూ ఉందిగా అని ముందు తను చీరలు వేసే దుకాణానికి వెళ్ళాం. తెల్లటి పరుపులు పరిచిన దుకాణం, లోపలంతా కొత్త గుడ్డ వాసన. యజమాని మర్యాదగా కూర్చోబెట్టి, నాకు గోలీసోడా తెప్పించాడు.

"మీ వస్తువొకటి మా దగ్గర ఉండిపోయిందండీ" అన్నాడు, గల్లా మూలనుంచి చిన్న పొట్లం తీస్తూ. "ఆ పెళ్ళివారి చీర మీద చీటీ గుచ్చి పంపించారు చూడండి. నిన్న వాళ్ళొస్తే చీర విప్పాం. గుండుసూది కదాని మా గుమాస్తా లాగబోయాడు, వేల్లోకి దిగిపోయింది. ఇంత పొడుగు సూదేంటండీ. ఆ పెళ్ళికూతురికి గుచ్చుకునుంటే మా మాటేం కాను?"

పొట్లం విప్పాడు. తాతయ్య దానివైపు చూశాడు. నేనూ చూశాను. ఆ సూదికి చెవి దగ్గర చిన్న వంపు ఉంటుంది, నాకు బాగా తెలుసు, ఎన్నోసార్లు దారం ఎక్కించి ఇచ్చాను.

తాతయ్య పొట్లం జేబులో వేసుకున్నాడు, రిబ్బన్లు కొన్నాడు, తాళ్ళు కొన్నాడు. బస్సు బందరు కాలవ పక్కన పడ్డాక అప్పుడు నోరు తెరిచాడు.

"గుండుసూదులు అయిపోయినాయే అమ్మాయ్. బస్సు హారన్ కొట్టేస్తున్నాడు. ఎదురుగా కనపడింది. దారం లాగేసి గుచ్చేశా."

"మరి నువ్వే గదా తాతయ్యా అంతా వెతికావు?"

"వెతికా" అన్నాడు. నిజంగానే వెతికాడు. అయస్కాంతం మోసినప్పుడూ, పొర్లినప్పుడూ ఆయన మనసులో ఈ సంగతి ఆవగింజంతైనా లేదు. ఆ మాట నేను ఎక్కడైనా ప్రమాణం చేసి చెప్పగలను.

పొట్లం కిటికీలోంచి బయటకు పెట్టాడు. కింద కాలవ. ఒక్క వేలు వదిలితే చాలు, ఆయన జీవితం సుఖంగా గడిచిపోతుంది. కాసేపటికి చెయ్యి లోపలికి తీసుకున్నాడు.

"ఇది పారేశాననుకో, మీ అమ్మమ్మ వాణ్ణి పెళ్ళీడు దాకా ఒళ్ళోనే పెట్టుకుంటుంది" అన్నాడు. పొట్లం మళ్ళీ జేబులో పెట్టుకుంటూ, "నిద్రపోయి ఎన్నాళ్ళయిందో అది" అన్నాడు.

మిగతా దారంతా చెప్పే పద్ధతి సాధన చేశాడు. ముందు మంచినీళ్ళు అడిగి, తాగి, అప్పుడు చెప్పాలా. లేక వియ్యపురాలు పక్కన లేకుండా చూసి చెప్పాలా. దారిలో బస్సు ఆగినప్పుడు మల్లెపూలు కొన్నాడు. "పూలు తెచ్చావంటే ఏదో చేసొచ్చావని ముందే తెలిసిపోతుంది తాతయ్యా" అన్నాను. ఆయన ఆలోచించి పూలు నాకు ఇచ్చేశాడు.

మేం ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టేశారు. సాంబ్రాణి పొగ వసారా నిండా. అమ్మమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది, ఒళ్ళో పిల్లవాడు. వియ్యపురాలు పక్కనే కూర్చుని విసనకర్రతో విసురుతోంది. పిన్ని గుమ్మంలో ఉంది. తాతయ్య సాధన చేసిందంతా మర్చిపోయాడు.

"ఏమే, సూది" అన్నాడు గుమ్మంలోనే నిలబడి.

"దీపాలు పెట్టాక దాని పేరెత్తుతారేంటండీ. మీకు ఎన్నిసార్లు చెప్పాలి" అంది అమ్మమ్మ.

దీపాలు పెట్టాక సూది చేతికి ఇవ్వకూడదు కూడా. తాతయ్య వంగి, పొట్లం విప్పి, దీపం పక్కన నేలమీద పెట్టి, రెండడుగులు వెనక్కి వేశాడు. అమ్మమ్మ బిడ్డను పొదివిపట్టుకుని ముందుకు వంగి చూసింది. చెవి దగ్గర వంపు చూసింది. చాలాసేపు చూసింది.

"ఎక్కడిది?"

"వన్ టౌన్."

"అక్కడికెట్టా పోయింది?"

"నేనే. చీటీకి గుచ్చాను. గుండుసూదులు అయిపోయినాయే."

వియ్యపురాలి చేతిలో విసనకర్ర ఆగిపోయింది. అమ్మమ్మ గొంతు పెంచకుండా అడిగింది. "అయస్కాంతం మీరే కదూ తెచ్చారు?"

"తెచ్చాను."

"ఇనప్పెట్టెకు గీతలు పడ్డాయి."

"పడ్డాయి."

"బొంత మీద పొర్లారు కూడా."

"పొర్లానే" అన్నాడు తాతయ్య, నేల చూపులు చూస్తూ. పిన్ని చీరకొంగు నోట్లో కుక్కుకుంది.

అందరం పిడుగు కోసం ఎదురుచూస్తున్నాం. అమ్మమ్మ నావైపు తిరిగి, "ఆ బొంత పట్రావే" అంది. నేను పరిగెత్తి ట్రంకు పెట్టె మీంచి తెచ్చాను. చాప మీద పరిచాను. ఆమె పిల్లవాణ్ణి దానిమీద పడుకోబెట్టింది. వీపు కింద చెయ్యి మాత్రం అలాగే ఉంచింది. కాసేపటికి ఒక వేలు, ఆ తర్వాత ఇంకో వేలు, మెల్లగా చెయ్యంతా తీసుకుంది. వాడు కాళ్ళు చాపాడు. చల్లదనం తగిలిందేమో, ఒళ్ళు విరుచుకున్నాడు. అన్నాళ్ళకు చోటు దొరికినట్టు చేతులు రెండూ బార్లా పరిచాడు. తర్వాత తీరిగ్గా, ధారగా, బొంతంతా తడిపేశాడు.

"అయ్యయ్యో, పాడుచేశాడు వదినగారూ, తియ్యండి తియ్యండి" అంది వియ్యపురాలు లేవబోతూ.

"ఉండనివ్వండి వదినగారూ. కాసేపు ఉండనివ్వండి" అంది అమ్మమ్మ. ఆమె కళ్ళవెంట నీళ్ళు కారిపోతున్నాయి. మొహం మాత్రం నవ్వుతోంది. ఒక మనిషి అంత సంతోషంగా ఏడవడం నేను మళ్ళీ చూడలేదు.

ఇదే అదనని తాతయ్య చెప్పులు తొడుక్కుని చల్లగా జారుకోబోయాడు. "ఎక్కడికండీ, కూర్చోండి" అంది అమ్మమ్మ కళ్ళు తుడుచుకుని. ఆ కూర్చోవడం మామూలు కూర్చోవడం కాదు. ఆ సాయంత్రం మొదలైన తిట్లు ఆయన ఉన్నన్నాళ్ళూ ఆగలేదు. ఇంట్లో దువ్వెన కనపడకపోయినా, అగ్గిపెట్టె కనపడకపోయినా, "వన్ టౌన్‌లో అడిగి చూడండి" అనేది. ఆయన నిజంగానే ఆలోచనలో పడేవాడు.

ఆ ఊళ్ళో ఇప్పుడు మగ్గాలు లేవు. ఆ వీధిలో గంజి వాసన ఎలా ఉండేదో ఎవరికైనా చెబుదామన్నా మాటలు చాలవు. ఆ పిల్లవాడికి ఇప్పుడు బట్టతల, పెళ్ళీడుకొచ్చిన కొడుకు. ఈ కథ ఎవరైనా ఎత్తితే లేచి వెళ్ళిపోతాడు. అమ్మమ్మ ఆ రోజుల్లో ఎంత భయపడిందో, నా పిల్లలు పుట్టాక గాని నాకు తెలియలేదు. అప్పుడు మాత్రం నాకు అదంతా తమాషాగానే ఉంది.

ఆ రాత్రి బొంత తిరగేసి, పొడివైపు పరిచి, వాణ్ణి మళ్ళీ దానిమీదే పడుకోబెట్టారు. కుట్టని అంచు వైపు తలపెట్టి, తెల్లవారేదాకా ఒక్కసారి కూడా లేవకుండా నిద్రపోయాడు. పొద్దున్నే నేను లేచి చూస్తే, కళ్ళాపి చల్లే వేళ దాటిపోయి, వీధంతా మగ్గాల చప్పుడు మొదలైపోయింది. వాడి పక్కనే, చాపమీద, నోరు కొంచెం తెరుచుకుని, అమ్మమ్మ కూడా నిద్రపోతోంది.